చీకటి తెర ముందు ఒక శనివారం

నేను ఒక పెన్ డ్రైవ్‌ను. చిటికెన వేలంత ఉంటాను. ఎక్కడ పుట్టానో నా వీపు మీద సన్నని అక్షరాల్లో రాసి ఉండేది కానీ, జేబుల్లో రాపిడికి అది చెరిగిపోయింది. మొదట విజయనగరంలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళిళ్ళు మోసేదాన్ని. నాలుగు వందల ఫొటోలుంటే అందులో మూడు వందలు భోజనాల బంతివే. అక్కడ ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన పైడిరాజు, పాటలెక్కించుకుని ఇచ్చేస్తానని నన్ను పట్టుకెళ్ళాడు. ఇవ్వడం మరిచిపోయాడు. నాలాంటివాటికి యజమానులు మారేది ఎక్కువగా మతిమరుపు వల్లే.

పైడిరాజు మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు. అతని అక్క గౌరీశ్వరి ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. పోయిన ఏడాది పదోన్నతి పరీక్షకు, ఆమె చెబుతుంటే రాయడానికి ఒకాయనను కూర్చోబెట్టారు. ఆమె చెప్పిన జవాబులు ఆయనకు నచ్చలేదు. తనకు తోచినవి రాశాడు. తప్పింది ఆయన, పేరు పోయింది ఆమెది.

ఈసారి తన కంప్యూటరు మీద తానే రాస్తానని ఆమె అర్జీ పెట్టుకుంది. పైవాళ్ళు ఒప్పుకున్నారు. అయితే శనివారం మూడు గంటలకు ఒక అధికారి ఇంటికొచ్చి కంప్యూటరును చూస్తాడు. అది పనిచేయకపోతే మళ్ళీ ఎవరో ఒక రాతగాడే.

ఆమె పాత ల్యాప్‌టాప్ ఒక్కో మాటకూ ఆయాసపడుతోంది. కొత్త కంప్యూటరు తానే బిగిస్తానన్నాడు పైడిరాజు. అందులో కంప్యూటరును నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేయాలంది గౌరీశ్వరి. తెర మీదున్నది పైకి చదివి వినిపించే ఏర్పాటు అందులో మొదటినుంచీ ఉంటుంది.

"మోటార్లు చుట్టినోడికి ఇదో లెక్కేటప్పా," అన్నాడు పైడిరాజు. ఆ ప్రాంతంలో అక్కను అప్ప అంటారు.

శనివారం ఉదయానికి అన్నీ బిగించాడు. తెర మాత్రం తన దుకాణంలో పడి ఉన్న పాతది. లినక్స్ ఫైలు నాలో వేసి, నన్ను గుచ్చి మీట నొక్కాడు. కంప్యూటరు లోపలి ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. లోపలి మెమరీ పలకలు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. ఆ పని మూడుసార్లు చేశాడు. చివరికి చెమట తుడుచుకుంటూ, "సచ్చిపోనాదప్పా," అన్నాడు.

"ఫ్యాను బాగానే తిరగతంది కదరా. లినక్స్ మొదలైతే కుయ్‌మని చిన్న కూత వినపడాల. అది రాలేదు." ఆమె తమ్ముడివైపు తిరిగింది. "పెన్ డ్రైవ్‌లోకి ఆ ఫైలు ఎలాగెక్కించేవు?"

"పాటలెక్కించినట్టే. కాపీ కొట్టేసేను."

"పాటల పక్కన పడేస్తే అది లేవదురా. డ్రైవంతా తుడిచేసి, దాన్ని ప్రత్యేకంగా రాయాల."

పైడిరాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నాలో రెండు వేల పాటలున్నాయి. ఆమె పాత ల్యాప్‌టాప్‌కు నన్ను తగిలించి అన్నీ తుడిచేసింది. ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైపోయింది. చెప్పకూడదు గానీ, వాటిలో సగం నాకూ నచ్చేవి కావు.

ఆ ఖాళీలో లినక్స్‌ను సరిగ్గా రాసి, మళ్ళీ గుచ్చారు. కుయ్‌మంది. చదివి వినిపించే ఏర్పాటు మొదలవడానికి ఆమె ఎస్ నొక్కి, ఎంటర్ నొక్కింది. స్పీకరులోంచి ముక్కుతో మాట్లాడినట్టు ఇంగ్లీషు గొంతొకటి ఏ భాష కావాలని అడిగింది. గౌరీశ్వరి ముఖం వెలిగింది. తెర వెలగలేదు. అది చూడవలసిన పైడిరాజు టీ తేవడానికి వెళ్ళాడు.

ఆమె వింటూ, నొక్కుతూ సగం దాకా వచ్చింది. అప్పుడే పైడిరాజు రెండు గ్లాసులతో లోపలికొచ్చి, నల్లటి తెర చూసి, "ఇదింకా లెగనేదా?" అంటూ ప్లగ్గు పీకేశాడు.

గొంతు మాట మధ్యలో ఆగిపోయింది.

గౌరీశ్వరి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"పన్నెండు దాటింది కదరా?"

"పావు తక్కువ ఒకటప్పా."

"ప్లగ్గు పెట్టు. తరవాత ఆ కుర్చీలో కూకో. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకో. నేను చెప్పేదాకా తియ్యకు."

అతను అలాగే కూర్చున్నాడు. ఈగ ముక్కు మీద వాలినా చెయ్యి ఎత్తలేదు. ఆమె మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. రెండున్నరకు ఆ గొంతు, పని పూర్తయింది, పెన్ డ్రైవ్ తీసేయండి అంది. ఆమె నన్ను తీసి కొంగున ముడేసుకుంది.

మూడింటికి అధికారి పట్నాయక్ గారు వచ్చారు. చేతిలో అచ్చు ఫారం, కళ్ళకు దళసరి అద్దాలు. తెర చూసి, "ఇది పనిచేయడం లేదమ్మా," అన్నారు.

గౌరీశ్వరి ఒక వాక్యం టైపు చేసింది. కంప్యూటరు దాన్ని తెలుగులో చదివింది. అరసున్నాలు కూడా పలుకుతున్నట్టుంది గానీ, అర్థమైంది.

"ఇది పనిచేయకపోతే మాట్లాడింది ఎవరండీ?"

పట్నాయక్ గారు ఇబ్బందిగా కదిలారు. "వినబడిందమ్మా, కాదనను. కానీ ఫారంలో 'తెర కనిపించుచున్నది' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదలకూడదు."

"తెర నాకెందుకండీ?"

"నీకు కాదమ్మా, గడికి."

పైడిరాజు చేతులు ఒళ్ళోంచి తీయకుండానే అక్కవైపు చూశాడు. ఆమె లేచి తెర దగ్గరకెళ్ళి, దాని చుట్టూ వేళ్ళతో తడిమింది. అడుగు అంచున వరసగా చిన్న చిన్న బొడిపెలు తగిలాయి.

"ఒరే, ఇవేటి?"

"అవా? తెర తాలూకు బొత్తాలప్పా."

"నొక్కేవా?"

పైడిరాజు ఒళ్ళోని చేతులవైపు చూసుకున్నాడు. ఆమె మొదటిది నొక్కింది. ఏమీ కాలేదు. రెండోది నొక్కగానే గది నీలంగా వెలిగింది. తెర వెనక తీగ పెట్టుకునే రంధ్రాలు రెండున్నాయి. తీగ ఒకదాంట్లో ఉంటే, తెర పొద్దుటినుంచీ రెండోదాని కోసం ఎదురుచూస్తోంది. ఆ బొత్తం దాన్ని తీగ ఉన్న రంధ్రానికి మళ్ళించింది.

పట్నాయక్ గారు గడిలో టిక్కు పెట్టి సంతకం చేశారు. పైడిరాజు లేచి ఆయనతో, "అంతా నేనే బిగించేనండి," అన్నాడు.

పరీక్షలో గౌరీశ్వరి నెగ్గింది. ఇప్పుడు సూపర్‌వైజరు. నేను ఆమె బల్ల సొరుగులో, పిన్నీసుల డబ్బా పక్కన ఉంటున్నాను. ఆఫీసులో ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆమెను పిలుస్తారు. చుట్టూ పదిమంది చేరి పది కారణాలు చెబుతుంటారు. ఆమె నన్ను పట్టుకుని వెళ్ళి, కుర్చీ లాక్కుని, యంత్రాన్ని ముట్టుకోకముందే ఒక మాట అంటుంది.

"కాసేపు ఎవరూ మాట్లాడకండి."