ఎద్దు తల పట్టేవాడు

ముందే చెబుతున్నాను, ఒత్తులూ దీర్ఘాలూ తప్పుగా పడితే మన్నించండి. యాభై దాటాక పలక పట్టినదాన్ని. చేయి నెమ్మది. ఇది ఒక్కరోజు సంగతే అయినా రాయడానికి ఎండాకాలమంతా పట్టింది.

తాడు బిగిసింది. ఎద్దు ముందు మోకాళ్లు విరిగినట్టు వంగాయి. ఒక్క క్షణం ఊగి, ధబ్బుమని పక్కకు కూలింది. దుమ్ము అణగకముందే శివరాం దాని తల మీద ఉన్నాడు. ఎడమచేత్తో కొమ్మును నేలకు అదిమి, గోనెపట్టా దాని కళ్ల మీద కప్పి, తన చెంపను దాని చెంపకు ఆనించి, ఒళ్లంతా మెడ మీదికి వాల్చాడు. ఎద్దు బుస కొట్టింది. నురగ కక్కింది. గిట్టలతో గాలిని తన్నింది. పదిసార్లు ఊపిరి తీసేలోగా నెమ్మదించింది.

"చూసిండ్రా?" అన్నాడు మొయినొద్దీన్ చాచా, కాళ్లు కట్టి కొయ్య మీదికి ఎత్తుతూ. "గిసొంటి మత్తుమందు ఏ డాక్టర్ తాన లేదు."

నాందేడ్ ధాన్యం బజారు మోండా వెనక, ధాన్యం లారీలు ఆగే మైదానం చివర, ఒక రేకుల పందిరి కింద చాచా ఎద్దులకు నాడాలు కొట్టేవాడు. దసరా వెళ్లి చెరుకు ఫ్యాక్టరీలు మొదలయ్యే ముందు అక్కడ ఎద్దులు వరుసకట్టేవి. తారు రోడ్డు మీద చెరుకు బండి లాగాలంటే గిట్ట కింద ఇనుము ఉండాలి. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండు రేకులు. చాచా గిట్టను చెక్కి, రేకు పెట్టి, మేకులు దిగ్గొట్టేవాడు. అంతసేపూ తల పట్టుకుని ఉండడం శివరాం పని. ఆరేళ్లుగా అదే పని.

అతనికి ముప్పై ఎనిమిదేళ్లు. పొట్టి మెడ, వెడల్పు భుజాలు. చొక్కా తిరగేసి తొడుక్కునేవాడు. లోపలి కుట్టు అతని చర్మాన్ని రంపంలా కోసేది. ఎడమ చెవి పైభాగం నలిగి ఎండిన అల్లం ముక్కలా ఉండేది. అది అతను తనను తాను గుద్దుకున్న గుద్దుల వల్ల. నుదుటి మధ్య కాయకట్టిన మచ్చ గోడది. చీలమండల పైన నల్లటి చారలు గొలుసువి. వీపు మీద మూడు కాలిన మచ్చలుండేవి. దయ్యాన్ని వదిలిస్తానని ఎవడో కొడవలి మొనను ఎర్రగా కాల్చి పెట్టాడు. అప్పుడు శివరాంకు తొమ్మిదేళ్లు.

సుత్తి దెబ్బకు అతను అదిరేవాడు కాదు. చేయి లేవడం కనబడుతుంది, పడడం కనబడుతుంది, చప్పుడు దాని వేళకు వస్తుంది. వెనక నుంచి వచ్చే హారన్ అలా రాదు. అది చెవిలో దూరాక ఆగేది కాదు. చిగుళ్లలో, కళ్ల వెనక, కడుపులో కత్తిలా తిరిగేది. పక్కింట్లో మిరపకాయలు వేగితే వాంతి చేసుకునేవాడు. ట్యూబులైటు వెలిగిస్తే అది సన్నగా ఈల వేస్తుందని చెవులు మూసుకునేవాడు. ఆ ఈల ఇంట్లో ఇంకెవరికీ వినబడేది కాదు. ఎవరైనా వేలికొసతో తాకితే నిప్పు అంటుకున్నట్టు ఎగిరేవాడు. అదే మనిషి మీద రెండు బస్తాల బరువు వేస్తే కళ్లు మూతలు పడేవి.

చిన్నప్పుడు బడిలో గంట కొట్టగానే బల్ల కింద దూరేవాడు. మాస్టరు కాళ్లు పట్టి బయటికి లాగి బెత్తం విరిగేదాకా కొట్టాడు. ఒక పెళ్లిలో తండ్రి అతని రెండు చేతులూ విరిచిపట్టి బ్యాండు ముందు నిలబెట్టాడు, అలవాటు పడాలని. శివరాం తండ్రి చేయి ఎముక కనబడేలా కొరికాడు. ఆ సాయంత్రమే గొలుసు వచ్చింది. పదిహేనో ఏట నుంచి మంచం కోడుకు కట్టి ఉంచారు.

అక్క ద్రౌపది భర్త పోయాక పుట్టింటికి తిరిగి వచ్చింది. వచ్చిన రోజే బండరాయితో తాళం పగలగొట్టింది. మొదటి ఏడాదిలో ఆమె ముందు పన్ను ఒకటి ఊడింది, మణికట్టు విరిగింది. కానీ తమ్ముణ్ణి చదవడం నేర్చుకుంది. అతని లోపల ఆ గాలివాన లేచినప్పుడు ముట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. నీళ్లు చల్లకూడదు. జనాన్ని దూరంగా ఆపి, మీద గోనెసంచులు పరిచి, కూర్చోవాలి. అర్ధగంటకో గంటకో లేచి "ఆకలి" అంటాడు.

రెండేళ్ల కింద సర్టిఫికెట్టు కోసం సర్కారు దవాఖానకు తీసుకుపోతే, ఒక చిన్నవయసు డాక్టరమ్మ కాగితం మీద ఆటిజం అని రాసింది. ద్రౌపది చెప్పిందంతా విని, "ఇవన్నీ మీకెవరు నేర్పిండ్రు?" అని అడిగింది.

"దెబ్బలు నేర్పినయి," అంది ద్రౌపది.

అంతకు ముందు శుక్రవారం ఎవరో పిల్లలు మైదానంలో సుత్లీ బాంబు పేల్చారు. శివరాం తల వదిలేశాడు. ఎద్దు కొమ్ము ఒక రైతు అరచేతిలో దిగి రెండో వైపు తేలింది. బండివాళ్లు చాచా మీదికి కర్రలు ఎత్తారు. ఆ సాయంత్రం చాచా ద్రౌపదిని పిలిచి, నేల చూస్తూ చెప్పాడు. "ఇంకొక్కపారి ఇడిస్తే నాతోని గాదు బేటీ. ఎద్దులే రావు."

ద్రౌపది మోండాలో పొద్దంతా సోయా జల్లెడ పట్టే మనిషి. ఈ జాగా పోతే ఆ పొద్దంతా తమ్ముడు ఎక్కడుంటాడు? మళ్లీ గొలుసే. ఇరుగుపొరుగు అప్పుడే అనడం మొదలుపెట్టారు కూడా.

అందుకే ఆ పొద్దున రొట్టె పెడుతూ చెప్పింది. "తమ్మీ, ఏమన్న గానీ, తలకాయ ఇడవద్దు. ఇడిస్తే కట్టేస్తరు. సమజైందా?"

"ఇడువ."

"ఏమన్న గానీ?"

"ఏమన్న గానీ ఇడువ."

మధ్యాహ్నానికి నాలుగు ఎద్దులు అయ్యాయి. ఐదోది నాగనాథ్ అనే ముసలి రైతుది. తెల్లది, ఏనుగంతది.

"ఇది బెదురుడు ఎద్దు చాచా," అన్నాడు నాగనాథ్. "యెనకకెల్లి రాకుండ్రి. దాని చెవుల కాడ లొల్లి జెయ్యకుండ్రి."

వరుసలో ఉన్నవాళ్లు వెంటనే రెండడుగులు వెనక్కి జరిగారు. ఒకడు పాట వస్తున్న ఫోను ఆపేశాడు. ఇంకొకడు బీడీ ఆర్పాడు. ఎద్దుకు ఆ మర్యాద దక్కింది.

ముందు కాళ్లు రెండూ అయ్యాయి. చాచా వాటి కట్టు విప్పాడు. వెనక కుడి కాలు అయింది. అప్పుడు వచ్చాడు నిలేశ్. అతని ఎద్దులు వరుసలో ఏడో జత. బుల్లెట్టు బండికి సైలెన్సర్ మార్పించుకున్నాడు. మీట నొక్కితే తుపాకి పేలినట్టు పేలుతుంది.

"పోయిన వారం ఎగిరిన పిస్సోడు గీడేనా?" అన్నాడు బండి దిగకుండానే.

"గాడే," అన్నాడు వరుసలో ఒక బండివాడు. "ఒక్కపారి టప్పుమనిపియ్యి, తమాషా చూడు."

బండి పేలింది.

ఎద్దు వీపు విల్లులా వంగింది. శివరాం వదల్లేదు. అతని పళ్లు కింది పెదవిలో దిగాయి.

"అబే ఓ! బంద్ కర్!" అని చాచా సుత్తి చూపించాడు.

"ఎద్దు కింద ఉన్నది కదరా, నీ ఇల్లు పాడుగాను!" అని నాగనాథ్ మొత్తుకున్నాడు.

నిలేశ్ నవ్వాడు. మళ్లీ పేల్చాడు. ఇంకోసారి పేల్చాడు. శివరాంకు ఆ చప్పుడు పుర్రెలో గునపం దింపినట్టుంది. కళ్ల ముందు తెల్లగా అయింది. ప్యాంటు తడిసింది. పెదవి నుంచి రక్తం కారి ఎద్దు ముఖం మీద, గోనెపట్టా మీద చారలుగా పడింది. "ఇడువ," అన్నాడు ఎద్దు చెవిలో. "ఇడువ, ఇడువ." వేళ్లు కొమ్ము చుట్టూ తాడులా బిగిశాయి. ఎద్దు అతని కింద వణుకుతూ ఉండిపోయింది.

తమాషా కాలేదు. నిలేశ్ బండి దిగి వచ్చాడు. "శభాష్ రా!" అంటూ వెనక నుంచి అతని మెడ మీద అరచేత్తో గట్టిగా చరిచాడు.

ఆ చేయి పడగానే శివరాం లేచాడు. అతని గొంతు నుంచి వచ్చిన అరుపుకు ధాన్యం మీది పావురాలన్నీ లేచిపోయాయి. నిలేశ్ ముఖాన్ని రెండు చేతులా పట్టి బుల్లెట్టు ట్యాంకుకు కొట్టాడు. ముక్కు చితికింది. మళ్లీ కొట్టాడు. పన్ను ఎగిరి దుమ్ములో పడింది. అప్పటికే ఎద్దు కట్టు జారి లేచింది. తాడు ఈడ్చుకుంటూ, ఒక చాయబండిని తలకిందులు చేసి, రోడ్డు మీదికి దౌడు తీసింది. లారీలు బ్రేకులు వేశాయి. చాచా, నాగనాథ్ దాని వెంట పరుగెత్తారు.

మనిషి వెంట ముగ్గురు బండివాళ్లు మిగిలారు. ఎద్దుల్ని పడేయడంలో చేయి తిరిగినవాళ్లు. ఒకడు ముల్లుకర్రతో మోకాళ్ల వెనక కొట్టాడు. ఒకడు తాడు వేశాడు. "పడెయ్యుండ్రి, ఎద్దును పడేసినట్టే పడెయ్యుండ్రి!" శివరాం బోర్లా పడ్డాడు. చేతులూ కాళ్లూ కలిపి కట్టారు. ఒకడు మెడ మీద మోకాలు పెట్టాడు. ఒకడు నడుం మీద కూర్చున్నాడు. నిలేశ్ వచ్చి నెత్తురు ఉమ్ముతూ పిడికిలితో గుద్దాడు. గుద్ది అలిసి, వీపు మీద అతనూ కూర్చున్నాడు.

మొదట ఆ బరువు శివరాంకు బాగుంది. బస్తాల బరువులా ఉంది. చెవుల్లో తిరుగుతున్న కత్తి ఆగింది. తర్వాత బరువు పెరిగింది. నోట్లోకి దుమ్ము వచ్చింది.

"ఏమంటుండురా?"

"ఇడువ ఇడువ అంటుండు."

"మనం గూడ ఇడువం తియ్యి," అన్నాడు మెడ మీదివాడు. మిగతావాళ్లు నవ్వారు.

కొంతసేపటికి కాళ్లు తన్నుకోవడం ఆగింది. "సల్లబడ్డడు," అన్నారు. లేచి బట్టలు దులుపుకున్నారు.

ద్రౌపది టిఫిను డబ్బాతో వచ్చేసరికి జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. ఆమె మోచేతులతో తోసుకుని వచ్చింది. తమ్ముడి ముఖం పక్కకు తిరిగి ఉంది, కళ్లు సగం మూసి. గాలివాన తర్వాత ఎప్పుడూ అలాగే పడుకుంటాడు. ఒంటికి వేళ్లు తగలకుండా తాడు విప్పింది. సంచులు తెచ్చి ఒక్కొక్కటీ మీద పరిచింది. తర్వాత అందరి మీదికీ తిరిగింది.

"దూరం పోండ్రి! నా తమ్ముణ్ణి ముట్టకుండ్రి!"

"నీళ్లు సల్లుదమా అక్కా?" అన్నాడు ఒకడు.

"నీళ్లొద్దు. పేరు పిలువకుండ్రి. ఫోన్లు బంద్ చెయ్యుండ్రి."

"ఆటో పిలుస్త, దవాఖానకు తీస్కపోదం," అంది చాయబండి ఆమె.

"ఆటోల చప్పుడుకు మళ్ల లేస్తడు. నాకు ఎర్కే. పండనియ్యి."

లారీ ఒకటి హారన్ కొడుతూ వచ్చింది. ద్రౌపది దానికి అడ్డం వెళ్లి చేతులు చాపి నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఆమె ముఖం చూసి బండివాళ్లు నోళ్లు మూసుకున్నారు, హమాలీలు బస్తాలు దించడం ఆపారు. తమ్ముడికి ఇన్నాళ్లూ ఎక్కడా దొరకని నిశ్శబ్దం, ఆ మైదానం నిండా. ఇంకాసేపు ఇలా ఉంటే లేస్తాడు అనుకుంది. టిఫిను డబ్బా మూత వదులు చేసి పెట్టింది. పెదవి మీద వాలే ఈగల్ని కొంగుతో, తగలకుండా, తోలుతూ కూర్చుంది.

నీడ ఒక బారెడు జరిగింది.

చాచా ఎద్దును పట్టుకుని తిరిగి వచ్చాడు. పగ్గం నాగనాథ్ చేతికిచ్చి, సంచుల వైపు చూశాడు. నలభై ఏళ్లుగా కింద పడేసిన జీవాల డొక్కలు చూస్తున్న కన్ను అది. సంచులు లేవడం లేదు, దిగడం లేదు. దగ్గరికి వచ్చి వంగాడు.

"ముట్టకు చాచా," అంది ద్రౌపది గుసగుసగా.

చాచా రెండు వేళ్లు శివరాం ముక్కు దగ్గర పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. తర్వాత పై సంచి ఎత్తి, తిరగేసిన చొక్కా మీద, పక్కటెముకల చోట, దుమ్ము అచ్చుల్ని చూశాడు.

"పక్కబొక్కల మీద ఎవడు కూసున్నడు?" అన్నాడు.

బండివాళ్లు జనం వెనక్కి జరిగారు.

"ఎద్దును పడేస్తే గూడ పక్కబొక్కల మీద కూసోము కదరా. సస్తదని."

ద్రౌపది ఇంకా ఈగల్ని తోలుతూనే ఉంది. చాచా ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"బేటీ."

"పండిండు. లేస్తడు."

"ముట్టు బేటీ. ఇగ ఏం గాదు, ముట్టు."

ఆమె చేయి చాపి, ఆపి, మళ్లీ చాపింది. తమ్ముడి నలిగిన చెవి మీద వేళ్లు పెట్టింది. అతను ఎగరలేదు. అప్పుడు అరచేయంతా పెట్టింది.

జనం ఒక్కొక్కరే తగ్గారు. నిలేశ్ బండి స్టార్ట్ చేయలేదు, తోసుకుంటూ పోయాడు. పోలీసులు వచ్చి తాడు తీసుకుపోయారు. నాగనాథ్ ఎద్దు మూడు కాళ్లకు ఇనుము, ఒక కాలికి ఒట్టి గిట్టతో, కొంచెం కుంటుతూ ఊరి దారి పట్టింది.

పందిరి కింద రాయి మీద, వెనక ఎడమ కాలి కోసం చాచా సరిచేసి పెట్టిన రెండు రేకులు, వాటి మేకులతో సహా అలాగే ఉన్నాయి.

ద్రౌపది
వయసు యాభై ఆరు
ఇప్పుడు ఉండేది గోకుంద, కిన్వట్ పక్కన