ఎదురొచ్చిన ఇల్లు

బస్సు కండక్టరుగా పనిచేసే ఆవిడ తెల్లవారగానే బూట్ల తాళ్లు బిగించి, నది అవతలి గట్టుదాకా పరిగెత్తి వచ్చేది. ఊళ్లో జరగబోయే పెద్ద పరుగు పందెం ఈసారైనా పూర్తి చెయ్యాలని పట్టుదల. కిందటిసారి సగంలోనే కూలబడింది. ఆ సంగతి డిపోలో ఇంకా నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆ వారమంతా డబుల్ డ్యూటీలు. కాళ్లు కొయ్యబారిపోయాయి. ఎడమ పిక్క కింద సన్నగా సలుపుతోంది.

"ఇవాళ్టికి మానెయ్యరాదూ?" అంది అత్తగారు.

"ఒకరోజు మానితే అదే అలవాటైపోతుంది అత్తయ్యా," అని బయల్దేరింది.

వంతెన మొదట్లోకి వచ్చేసరికి మంచులోంచి ఆమె ఇల్లు ఎదురొచ్చింది. అదే పెచ్చులూడిన నీలం తలుపు, కిటికీకి ఆరేసిన అదే తువ్వాలు. అంత ఇల్లూ పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి రోడ్డుకి అడ్డంగా ఆగింది. సైకిళ్లవాళ్లు గంట కొట్టి పక్కనుంచి వెళ్లిపోయారు.

"మీ ఇల్లు వచ్చిందమ్మా," అన్నాడు రొట్టెలమ్మే అతను, బండి కొంచెం జరుపుకుంటూ.

"చూశాను," అని ఆమె గోడ వారనుంచి తప్పించుకుని పరిగెత్తింది. వంతెన మధ్యకొచ్చేసరికి ఇల్లు మళ్లీ ఎదురుగా ఉంది. ఈసారి తలుపు తీసి ఉంది. గడప దగ్గర అత్తగారు ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఇల్లు ఇంత దూరం వచ్చింది పాపం. లోపలికి రా," అంది తలెత్తకుండానే.

"సగం కూడా కాలేదు అత్తయ్యా."

"సగమో పావో నీ కాలునడుగు, నన్నడక్కు."

ఆమెకు ఏడుపొచ్చింది. తలుపు మీద చెయ్యి ఆనించింది. ఇల్లు రొప్పుతోంది. గోడలు మనిషి ఛాతీలా ఎగసిపడుతున్నాయి. తనకోసం ఇటుక ఇటుకా ఇంతలా అలిసిపోయింది. ఆమె గడప దాటింది. మంచం చేరేలోపే ఎడమకాలు పట్టు తప్పింది. ఇల్లు వెనక్కి తిరిగింది. కిటికీలో నది, చెట్లు, వీధులు వెనక్కి సాగిపోయాయి.

"ఎముకలో వెంట్రుకవాసి పగులు," అంది డాక్టరమ్మ. "ఇంకాస్త పరిగెత్తి ఉంటే రెండు ముక్కలయ్యేది. ఈ జన్మకి పరుగు మాట మర్చిపోవాల్సొచ్చేది. ఎలా ఆగావు?"

"ఇల్లు వచ్చిందండీ."

డాక్టరమ్మ తలూపి కట్టు కట్టింది.

పందెం ఆమె లేకుండానే జరిగిపోయింది. చలి తగ్గాక ఆమె మళ్లీ పరుగు మొదలుపెట్టింది. ఒక ఉదయం వంతెన ఇంకా దూరంగా ఉండగానే ఊపిరి బరువెక్కింది. ఆగింది. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి నెమ్మదిగా నడిచింది.

వీధి మలుపు తిరిగేసరికి ఇల్లు అప్పుడే ఒక మూల పైకి లేపింది. పునాది అంచునుంచి మట్టి రాలుతోంది. ఆమెను చూసి ఒక్క క్షణం అలాగే ఉండి, మెల్లగా కూర్చుంది.