ముసలి ఆశ

స్నానం చేసేటప్పుడు ఎడమ రొమ్ములో చేతికి తగిలిన గడ్డ సంగతి నరసమ్మ చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషి కోడలి ముందు రవిక విప్పి చూపించడమా! చివరికి ఆమె చెయ్యెత్తలేక అవస్థ పడుతుంటే కోడలు వీణే కనిపెట్టి మొగుడి చెవిన వేసింది.

కొడుకు పురుషోత్తమ్ ఊరిగాం నుంచి రోజూ రైల్లో బెంగళూరు పోయి ఉద్యోగం చేసుకొస్తాడు. తండ్రి చిన్నవెంకటప్ప కోలారు బంగారు గనిలో దిగిన కాలంలో కంపెనీ ఇచ్చిన ఇల్లే ఇప్పటికీ వాళ్ళది. తల్లంటే ప్రాణం పెట్టే కొడుకు. సెలవు పెట్టి మరీ ఆమెను బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయి పరీక్షలన్నీ చేయించాడు.

రిపోర్టులు వచ్చిన రోజు డాక్టరు వాటిని తిరగేసి, నరసమ్మను కాదు, పురుషోత్తమ్‌ను చూశాడు.

"వయసెంత?"

"డెబ్బై ఆరు సార్."

డాక్టరు రిపోర్టులు మూసేశాడు. "క్యాన్సరే. కానీ ఈ వయసులో కోతలెందుకు? రోజూ ఒక మాత్ర వేయండి. ఉన్నన్నాళ్ళు బాగా చూసుకోండి."

ఆయన కన్నడంలో చెప్పినా నరసమ్మకు ప్రతి మాటా అర్థమైంది. గుండె ఎలా ఉంది, నడవగలదా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే, రెండావుల పాలు పితికి వీధంతా నేనే పోసొస్తానని చెప్పేది.

బయట బెంచీ మీద నలభై ఏళ్ళ ఆడమనిషి ఒకామె ఏడుస్తూనే ఫోన్లో ఎవరికో చెబుతోంది. "గడ్డ చిన్నదేనంట. ఆపరేషన్ చేస్తే బతుకుతానన్నారు." నరసమ్మకు ఆమె మీద చప్పున అసూయ పుట్టింది. మరుక్షణమే సిగ్గేసింది. చిన్న బిడ్డల తల్లిలా ఉంది, ఆమెతోనా తనకు పోటీ!

తిరుగు రైల్లో పురుషోత్తమ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "కోసేది లేదమ్మా. మంచిదే అయింది."

"అవునప్పా," అంది నరసమ్మ.

పక్కింటి జయలక్ష్మమ్మ పలకరించడానికి వచ్చింది. "మనమళ్ళను ఎత్తుకున్నావు, మనమరాలి పెండ్లి చూసినావు. ఇంగేం కావల్ల అక్కా మనకు?"

"ఇంగేం కావల్ల," అని నరసమ్మ కూడా అంది. ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే అబద్ధమని ఆమెకు తెలుసు. ఆవు పొదుగు కడుగుతుంటే, ఎండలో చేరి చింతపండు పిక్కలు తీస్తుంటే బతకాలన్న కోరిక ఆకలేసినట్టు వేసేది. పంక్తిలో అందరూ చేతులు కడుక్కుంటుంటే తానొక్కతే ఇంకాస్త వడ్డించమని విస్తరి ముందు కూర్చున్నట్టు అనిపించి, ఆ కోరికను ఎవరికీ కనిపించకుండా దాచుకునేది.

వేసవి పోయింది. మాత్ర వేసుకుంటున్నా గడ్డ తగ్గినట్టు లేదు. ఒక ఆదివారం పొద్దున ఆమె పాలచెంబుతో లోపలికి వస్తుంటే పురుషోత్తమ్ ఫోన్లో మాట్లాడుతున్నాడు. కంటి శిబిరం వాళ్ళు. ఆమె కుడికంటి పొరకు ఆపరేషన్ చేస్తామని ఎప్పుడో పేరు రాసుకున్నారు.

"అమ్మకు ఇంగ అవసరం లేదు సార్. వేరే ఎవురికైనా చేసేయండి."

నరసమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. మొదట రొమ్ము, ఇప్పుడు కన్ను. రేపు పంటి నొప్పి వస్తే దానికీ ఇదే మాటేనా?

"నాకు అవసరం ఉండాది," అంది.

పురుషోత్తమ్ ఫోను దించాడు. "కంటి ఆపరేషనా అమ్మా?"

"కన్నూ చేయించు. గడ్డ కూడా కోయించు. నాకు బతకల్లని ఉండాది నాయినా."

అనేశాక ఆమె మొహం మండిపోయింది. ఇంటినిండా మనుషులుండగా చీర జారిపోయినట్టు కొంగు లాక్కుని మొహానికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లో వీణ గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నీకు కష్టమని కదమ్మా..."

"కష్టం నాదే కదప్పా. నన్ను ఒక్కరన్నా అడిగినారా?"

పురుషోత్తమ్ ఫోను కట్టేసి పక్కన పెట్టాడు. "ఆ బెంగళూరు డాక్టరు వద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించిందమ్మా," అన్నాడు. "సెలవలు, ఆసుపత్రి చుట్టూ తిరిగేది, అన్నీ తప్పినాయి అనుకున్నాను. నీకోసమే అని నాకు నేనే చెప్పుకున్నాను."

ఆ వారంలోనే కోలారులో డాక్టర్ చైత్ర దగ్గరికి పోయారు. ఆమె కుర్చీ నరసమ్మ పక్కకు జరుపుకుంది. ఇంట్లో ఏమేం పనులు చేస్తావని అడిగింది. వరండాలో అటూ ఇటూ నడిపించింది, గుండె పరీక్ష చేయించింది. అన్నీ అయ్యాక, "మీకేం చేయాలని ఉందమ్మా?" అంది.

నరసమ్మ అలవాటుగా కొడుకు వైపు చూసింది. అతను కదల్లేదు.

"బతకల్లని," అంది నరసమ్మ మెల్లగా. డాక్టరమ్మ నవ్వుతుందేమో అనుకుంది. నవ్వకపోయేసరికి ఒక కారణం చెప్పాలనిపించి వెతుక్కుంది. "ఎందుకంటే... ఆవులు..."

"కారణం అక్కర్లేదమ్మా. మీ గుండె బాగుంది, ఆపరేషన్ తట్టుకుంటారు." చైత్ర పురుషోత్తమ్ వైపు తిరిగింది. "కానీ ఇప్పుడు చంకలోకి పాకింది. ముందే చేసుంటే ఇంత కోత ఉండేది కాదు. తర్వాత కరెంటు, అదే రేడియేషన్, కూడా పెట్టించాలి."

పురుషోత్తమ్ ఆపరేషన్ తేదీ రాయించుకున్నాడు.

ఆపరేషన్ అయింది. గాయం మానడానికి చాలా రోజులు పట్టింది, ఎడమ చెయ్యి వాచింది. పాలు పితికే పని వీణ మీద పడింది. ఇంటికి వచ్చిన వారానికి జయలక్ష్మమ్మ అరటిపండ్లు పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఈ వయసులో ఇంత కోత యాల అక్కా?"

నరసమ్మ దుప్పటి అంచు సర్దుకుంది. "నేను వద్దనే అన్నాను. పిల్లోళ్ళు ఊరుకోలే. నాకు మా అమ్మ కావల్లని మావాడు మొండికేసినాడు."

పురుషోత్తమ్ మందులు తెచ్చి అప్పుడే గడపలో చెప్పులు విడుస్తున్నాడు. ఆ మెప్పు అతన్ని చెంపదెబ్బలా తాకింది.

"లేదు చిన్నమ్మా," అన్నాడు. "వద్దన్నది మేమే. ముసలామెకు ఎందుకులే అనుకున్నాం. ఆపరేషన్ కావల్లని అమ్మే అడిగింది."

"సుమ్నే ఉండరా!" నరసమ్మ గదమాయించింది. సిగ్గుతో ఆమె చెవులు కూడా ఎర్రబడ్డాయి.

అతను ఊరుకోలేదు. "ఆ పొద్దు నేను అడిగుంటే ఆ చెయ్యి ఇట్లా వాచేది కాదు."

జయలక్ష్మమ్మ ఒకసారి అతన్ని, ఒకసారి ఆమెను చూసింది. "నిజమా అక్కా? నువ్వే అడిగినావా?"

నరసమ్మ గోడ వైపు చూసింది. "ఊ," అంది. "నేనే."

పురుషోత్తమ్ మంచం అంచున కూర్చుని, తల వంచుకునే, వాచిన ఆ చేతి కింద దిండు సర్దాడు.