వంకర లేని ఫొటోలు

మూడు నెలలుగా ఎండలో మాడిపోతూ ఆ పాత శ్మశానాన్ని తవ్విస్తున్న ప్రొఫెసరమ్మ, ఆ ఉదయం ఫొటోలు చూసి నెత్తి పట్టుకుంది.

అడుగుపొర సమాధుల్లో మనుషులు వెల్లకిలా ఉన్నారు. పైపొరలో కుడిపక్కకు ఒత్తిగిలి, ముఖం మక్కా వైపు పెట్టుకుని ఉన్నారు. అంటే ఈ రెంటి మధ్యకాలంలో ఊరు ఇస్లాంలోకి వచ్చింది. ఒక్కసారిగా వచ్చిందా, మెల్లమెల్లగానా? చెప్పాల్సింది మధ్యపొరలోని పదకొండు సమాధులే. తీరా చూస్తే ఆ పదకొండు పుర్రెలూ పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు సూటిగా కెమెరాలోకే చూస్తున్నాయి!

ఎముకల మీద మట్టి దులపడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీని పిలిచింది.

"ఈ తలలు ఇలాగే ఉన్నాయా?"

"లేదమ్మా. ఒళ్ళు వెల్లకిలానే ఉంది గానీ, తలలు పక్కకి వాలిపోయున్నాయి. మట్టి బరువుకి ఒరిగాయేమోనని నేనే సరిచేశా."

"ఎన్ని?"

"అన్నీ."

"ఎటు వాలాయి?"

"అన్నీ కుడివైపుకే. అదే విచిత్రం."

ఒళ్ళు పాత పద్ధతిలో, ముఖం మాత్రం మక్కా వైపు. అంటే ఊరు మెల్లమెల్లగానే మారింది. ఇరవై ఏళ్లుగా ఆవిడ వెతుకుతున్నది అదే. ఇప్పుడు ఆ వాలుకి ఫొటో లేదు, కొలత లేదు. మేస్త్రీ చెప్పాడని రాస్తే తోటివాళ్ళు నవ్విపోతారు.

"అసలు బుద్ధుందా మీకు? ఎవరు సరిచెయ్యమన్నారు?" అని గయ్యిమంది.

మేస్త్రీ నొచ్చుకున్నాడు.

"ఫొటో కోసం ఎముకల పక్కన పెట్టిన కొలబద్ద కాస్త పక్కకి జరిగిందని మొదటిరోజే అందరి ముందూ నన్ను కడిగేశారు కదమ్మా! ఫొటోలో ఒక్కటి కూడా వంకరగా కనపడకూడదన్నారు."