సీలు విప్పని బండి

ధర్మలింగానికి సౌకార్‌పేటలో గాజుల హోల్‌సేల్ కొట్టుంది. కొట్టు మీదనే ఇల్లు, ఇంట్లో అద్దాల బీరువా, బీరువాలో నలభై ఒక్క బొమ్మ బండ్లు. బొమ్మలంటే మాత్రం ఆయన ఒంటికాలి మీద లేస్తాడు. ‘మోడల్స్’ అనాలట. వాటిలో ఒక్కదాన్నీ చేత్తో తాకి ఎరగడు. డబ్బా సీలు విప్పితే దాని గొప్ప పోతుందట. ఇదెక్కడి చోద్యమో నన్నడక్కండి.

అన్నిట్లోకీ ఆయనకు ముద్దు పాతకాలపు రొట్టెల వ్యాను. అరచేతిలో పట్టేంత, ఆకుపచ్చ రంగు, పక్కన బంగారు గీతలు. వెనక తలుపులు తెరుచుకుంటాయని డబ్బా మీద రాసుంది. నిజంగా తెరుచుకుంటాయా అని మూడేళ్ళుగా కొట్టుకుపోతున్నాడు గానీ, సీలు మీద గోరు పెట్టలేదు. వచ్చే ఆదివారం షోళింగనల్లూరులో మోడల్స్ క్లబ్బు వాళ్ళ ప్రదర్శన. సీలు విప్పని వాటి వరసలో మొదటి బల్ల ఆయనకిచ్చారు. యాభై ఎనిమిదేళ్ళకు మనిషికి ఒక మొదటి బల్ల దొరికింది, ఆ సంబరం చూడాలి!

ఈలోగా ఆయుధపూజ వచ్చింది.

ధర్మలింగం కొట్టులో గల్లాపెట్టెకు బొట్టు పెట్టి మేడెక్కేసరికి హాలంతా సాంబ్రాణి పొగ. పొగలో వరసగా కుట్టుమిషను, మిక్సీ, స్కూటరు తాళాలు. ఆ చివర... రొట్టెల వ్యాను! నెత్తిన గంధం, బానెట్టు మీద కుంకుమ, అద్దానికి అడ్డంగా చామంతి రేకు.

“చంపినావే అలివేలూ!”

“ఏమాయె ఇప్పుడు?” అంది భార్య అలివేలుమంగ, హారతి పళ్ళెం దించకుండానే.

“సీలు చించేసినావే! ఆదివారం ఆడ ఏ మొహం పెట్టుకోని నిలబడేది?”

“ఉండే మొహమే పెట్టుకోని నిలబడండి. పోయిన ఏడు ఈ బండ్లకు పూజ చెయ్యలా. దీపావళి లోపలే స్కూటర్ మీదినించి పడి కాలు ఇరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు మిమ్మల్ని బాత్రూముకు మోసింది ఎవురు, మీ క్లబ్బోళ్ళా? ఈసారి ఒక్క బండికైనా పూజ పడాల్సిందే!”

ధర్మలింగానికి ఏడుపొక్కటే తక్కువ. కుంకుమ తుడుద్దామని వ్యాన్ని చేతిలోకి తీసుకుంటే లోపల ఏదో గరగరమంది.

“ఏందే లోపల?”

“బొరుగులు. సరుకు బండి కదా, ఖాళీగా పెట్టి మొక్కుతామా?”

“అంటే... తలుపులు తెరుచుకున్నాయా?”

“తెరుచుకోకుండా? గొళ్ళెం కూడా ఉండాది చూడండి, చిట్టిది.”

ధర్మలింగం గోటితో గొళ్ళెం తీశాడు. తలుపులు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. రెండు బొరుగులు రాలితే ఏరి జాగ్రత్తగా లోపల పెట్టాడు.

“సరి సరి, మంచి టయిం పోతా ఉంది. నిమ్మకాయలు తొక్కించాల” అంది అలివేలుమంగ.

“దీనికి నిమ్మకాయా?”

“ఆ మాత్రం నాకు తెలీదా?” అంటూ ఆమె నాలుగు చక్రాల ముందూ నాలుగు మిరియాలు పెట్టింది.

విరిగి అతికిన కాలు చాపుకుని ఆయన నేల మీద చతికిలబడ్డాడు. బొటనవేలితో గట్టిగా అదిమి వ్యాన్ని ముందుకు తోశాడు. టప్‌మని ఒక మిరియం చిట్లింది. ఆయన ఒళ్ళు పులకరించింది.

అలివేలుమంగ వంటింట్లోకి వెళ్ళగానే ఫోను మోగింది. క్లబ్బు సెక్రటరీ శ్యామ్. “సార్, మొదటి బల్ల మీద మీ పేరు రాయించేస్తున్నాం.”

ధర్మలింగం వ్యాను వంక చూశాడు. ప్రాణం ఉసూరుమంది. మొదటి బల్ల మరి!

“వేరే ఎవురికన్నా ఇచ్చేయప్పా” అన్నాడు చివరికి. “మా బండి డ్యూటీలో ఉండాది.”

ఫోను పెట్టేసి, లేచి, బీరువా తాళం తీశాడు. కత్తెర వెతుక్కుంటూ వంటింటి వైపు కేకేశాడు.

“అలివేలూ, మిరియాల డబ్బా అట్లనే తెచ్చెయ్! ఇంకా నలభై బండ్లు ఉండాయి.”