ఎమ్మారై గొట్టంలో జాస్మిన్ మర్యాద

తప్పు నాదేనండీ. పెద్దవాళ్ళు పలకరిస్తే తలూపి "ఆయ్" అనాలని మనవరాలు జాస్మిన్‌కి మాటలొచ్చినప్పట్నించీ నూరిపోసింది నేనే. ఆ మర్యాదే మా కొంప ముంచబోతుందని ఎవరనుకున్నారు!

పిల్లకి ఎనిమిదేళ్ళు. జ్వరం వచ్చి తగ్గింది, మూడోనాటికి కాళ్ళు చచ్చుపడిపోయాయి. మెడ కింద వెన్నుపాములో వాపన్నారు. మందులతో వాపు తగ్గింది గానీ కాళ్ళు కదల్లేదు. లోపల నరాల పోగులు మిగిలాయో తెగాయో మామూలు స్కానింగులో తెలియదట. ఆ పోగుల దారి గీసి చూపించే కొత్త రకం ఎమ్మారై ఉందని, మా రాజోలు నుంచి డాక్టరు మాధవీలత గారు కాకినాడ పంపేరు. పోగులుంటే నడక మీద ఆశ. లేకపోతే జన్మంతా చక్రాల కుర్చీయే.

చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పిల్లని గొట్టంలోకి పంపేరు. నేను ఇవతల గదిలో కూర్చున్నాను. మెషీను నడిపే గోపీకృష్ణ నెమ్మదైనవాడు. రెండు నిమిషాలకోసారి మైకులో "కదలకమ్మా, భయం లేదు" అంటున్నాడు. బొమ్మలన్నీ అలుక్కుపోయి వచ్చేయి. మళ్ళీ తీసేడు. మళ్ళీ అంతే.

"పాప కదిలిపోతోందండీ. మత్తిచ్చి తియ్యాలి, ఇంకో రోజు రండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా పిల్ల కదలడమేంటి? గొట్టంలో పిల్లని చూపించే కెమెరా తెర మీదకి వంగి చూద్దును కదా, అతను మాట్లాడినప్పుడల్లా ఆ చిన్న తల కిందికీ పైకీ ఊగుతోంది.

"ఓరి నాయనా! నువ్వు నోరు ముయ్యవయ్యా బాబూ. అది నీకు జవాబు చెబుతోంది!"

అతను నవ్వాపుకుంటూ మైకు నా చేతికిచ్చేడు.

"జాస్మినూ, నానమ్మనే. ఇప్పుడెవరు పిలిచినా పలక్కు. నేను పిలిచినా సరే. తల అస్సలు ఊపకు. ఎవరూ ఏమనుకోరు," అన్నాను. ఆ తర్వాత ఇరవై నిమిషాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పిల్ల రాయిలా పడుకుంది.

మర్నాడు మాధవీలత గారు ఆ బొమ్మలు చూపించేరు. వాపున్న చోట పోగులు పల్చబడ్డాయి గానీ తెగలేదు, అలాగే కిందికి దిగుతున్నాయి. "ఎంతవరకూ కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేనండీ. నెలలు పడుతుంది, రోజూ వ్యాయామం చేయించాలి. ఆశ మాత్రం గట్టిగా ఉంది," అన్నారు.

"నడుస్తానా నానమ్మా?" అంది పిల్ల. మూడు వారాలుగా రోజూ అదే అడుగుతోంది. రోజూ "ప్రార్థన చేసుకో అమ్మా" అని మొహం తిప్పేసుకునేదాన్ని. ఆవేళ దాని కళ్ళలోకి చూసి, "నడుస్తావే నా తల్లీ. రేపట్నించి వ్యాయామం. నొప్పెడుతోందని ఏడిస్తే ఊరుకోను," అన్నాను.

అని, నేనే భోరుమన్నాను.