మెట్ల కింద గది

బతికున్న మనిషిని నలుగురు మోసుకెళ్తుంటే మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. శ్మశానానికి కాదు లెండి, స్కూటర్లు నిలబెట్టే చోటికి.

పొద్దున్నే మా అపార్టుమెంటులో, మెట్ల కింద గదిలోంచి నలుగురు కూలీలు మంచాన్ని బయటికి తెచ్చారు. మంచం మీద మేస్త్రి ఉన్నాడు. నడుం కిందినుంచి ఒళ్లు చచ్చుబడినవాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని పైకి చూస్తున్నాడు. కూలీలు ఎవరి మొహమూ చూడలేదు. వాళ్లకీ ఆ పూట కూలి కావాలి కదా. రెండు స్కూటర్ల మధ్య మంచం దించి, సిమెంటు బస్తాలు మోసుకొచ్చి ఆ గదినిండా పేర్చారు. తలుపుకి తాళం పడింది.

మేస్త్రి పెళ్లాం అప్పుడు పై అంతస్తులో ఉంది. ఆవిడ పని మెట్లు తుడవడం. పైనుంచి కిందికి తుడుచుకొచ్చేసరికి పైన మళ్లీ దుమ్ము పడేది, మళ్లీ ఎక్కేది. ఆ మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఈపాటికి చందమామ ఇంటి గుమ్మం కూడా తుడిచి వచ్చేది. అందుకే మెట్లమ్మ అనేవాళ్లం. చీపురుతోనే పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు, అరవలేదు. మంచం పక్కన కూలబడి, "చలేస్తోందా?" అని మాత్రం అడిగింది.

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి నర్సమ్మ గేటులోకి అడుగుపెట్టింది అప్పుడే. పొద్దు పొడవకముందే మొదటి ట్రిప్పు ముగించుకుని బస్సు డ్రైవరూ వచ్చాడు. ఇద్దరి కళ్లూ నిద్రకి ఎర్రబడి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?" అంది నర్సమ్మ.

"ఇంకెవరమ్మా," అన్నాడు మేస్త్రి. "మెంబరు గారు."

మెంబరు గారి సంగతి చెప్పాలి మీకు. ఈ బిల్డింగు కట్టిన కంట్రాక్టరు ఆయనే. కడుతున్నప్పుడు పరంజాకి ఆయన వేయించిన పుచ్చు కర్ర విరిగే మేస్త్రి పైనుంచి పడ్డాడు. ఆస్పత్రి గుమ్మంలో దింపి చేతులు దులుపుకున్నాడాయన. తర్వాత కాపురాలకి దిగిన మేమంతా అనుకుని మెట్ల కింద గది మొగుడూ పెళ్లాలకి ఇచ్చాం. పై అంతస్తు ఇళ్లు మాత్రం ఆయనా, ఆయన బామ్మర్దులూ పంచుకున్నారు. మొదటి కమిటీలో మెంబరుగా చేరాడు. అధ్యక్షులు మారారు, సెక్రటరీలు ఇళ్లమ్ముకుని వెళ్లిపోయారు. ఈయన మాత్రం గోడకి దిగ్గొట్టిన మేకులా ఉండిపోయాడు. ఎవరికీ అక్కర్లేదు. ఎవరికీ పీకే ఓపికా లేదు.

మెంబరు గారు తీరిగ్గా కిందికి దిగి వచ్చాడు. "ఏంటి గొడవ? మొన్నటి మీటింగులో తీర్మానం అయింది. ఆ గది కమిటీ సామానుకి."

"సిమెంటు నీది," అన్నాడు డ్రైవరు.

"నేను కమిటీయే కదా."

"తీర్మానం ఎవరు చేశారు?"

"చివరిదాకా ఉన్నవాళ్లు. మీరు ముందే వెళ్లిపోయారు. పాపం, నిద్రొచ్చింది," అని నవ్వాడు. "ఇష్టం లేకపోతే ఆదివారం ఇంకో మీటింగు పెడతాను. అందరూ రండి. అప్పటిదాకా తాళం తియ్యను."

ఆయన మీటింగులు ఎలా ఉంటాయో మీకు తెలీదు. డాబా మీద రేకుల షెడ్డు. మైకు ఆయనది. ఆయన ముగించేదాకా ఓటు ఉండదు. బిల్డింగుకి పునాది తవ్విన రోజునుంచి మొదలెడతాడు. బోరు వేయడం దగ్గరికి వచ్చాడంటే, నీళ్లు పడేదాకా ఆ రాయీ మట్టీ అంతా మనచేత కూడా తవ్విస్తాడు. ఒకసారి ఆయన మాట్లాడ్డం మొదలెట్టినప్పుడు కింద ఇంటి కోడలు నిండు నెలలతో ఉంది. ముగించేసరికి ఆ కడుపులోని వాడే వచ్చి "తాతా, ఇంకా అవలేదా?" అని అడిగాడు. నమ్మరా? సరే, సగమే నమ్మండి. రెండో సగం మాత్రం పచ్చి నిజం. అందరూ పనికో పడకకో పోయి, తనవాళ్లు మాత్రం మిగిలాక "చేతులెత్తండి" అంటాడు. అధ్యక్షుడు లెక్కల మాష్టారు. మంచివాడే, కానీ భయస్తుడు. ఫ్యాను తిరిగితే ఊగే క్యాలెండరులా తల ఊపేవాడు.

ఆదివారం అందరం వెళ్లాం. ఆడా మగా, పిల్లలతో సహా. అంత జనాన్ని ఆ డాబా ఎప్పుడూ చూసి ఉండదు. డ్రైవరు కూతురు, కాలేజీలో చదువుతున్న పిల్ల, ముందు వరసలో నిలబడి "మేస్త్రి గది మేస్త్రికే!" అని అరిస్తే అందరం గొంతు కలిపాం. రేకులు అదిరాయి. మెంబరు గారు తొణకలేదు. కేకలు చల్లారేదాకా ఆగి, మైకు దగ్గరికి లాక్కుని, "ఈ స్థలం కొన్నప్పుడు ఇక్కడ తుమ్మచెట్లుండేవి..." అని మొదలెట్టాడు.

ఇంకేముంది. రాత్రంతా ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర నిలబడ్డవాళ్లు కూర్చున్నచోటే ఒరిగారు. డ్రైవరు గోడకి ఆనుకుని నోరు తెరిచాడు. నర్సమ్మ తల కూడా వాలిపోయింది. ఎండెక్కాక కొందరు డ్యూటీలకి లేచారు, కొందరు పిల్లల అన్నాలకి లేచారు. మధ్యాహ్నం దాటాక చేతులెత్తమన్నాడు. ఆయన బామ్మర్దుల చేతులు లేచాయి. మావాళ్లు గురకలో ఉన్నారు. మాష్టారు తల ఊపాడు. గది పోయింది.

సాయంత్రం మంచం చుట్టూ చేరాం. ఎవరి మొహంలోనూ నెత్తురు చుక్క లేదు. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదది. మమ్మల్ని చూడలేక.

"ఐకమత్యం లేదు మనలో," అంది కాలేజీ పిల్ల కోపంగా. "ఐకమత్యమంటే అందరం ఒక్కచోట నిలబడటం."

"నిలబడ్డాం కదమ్మా," అన్నాడు వాళ్ల నాన్న. "అందరం ఒక్కచోటే గురకపెట్టాం."

నవ్వాలనిపించినా ఎవరికీ నవ్వు రాలేదు. బ్యాంకులో గుమాస్తాగా చేసే ఒకాయన గొంతు తగ్గించి, "మన ఇళ్ల జోలికి రాలేదు కదా. మెట్లమ్మకి బయట ఎక్కడైనా చిన్న గది చూద్దాం," అన్నాడు.

నర్సమ్మ అతని వంక చూసింది. "నీ స్కూటరు పెట్టుకునే చోటు ఇప్పుడెవరిది తమ్ముడూ?"

"మెంబరు గారిది."

"ఎప్పుడిచ్చావ్?"

"నేనివ్వలేదు. మీటింగులో... నేనప్పుడు నిద్రపోతున్నా."

"మేమూ నిద్రపోతున్నాం. అందుకే ఇవాళ మేస్త్రి ఇక్కడున్నాడు. రేపు ఎవరుంటారో."

మెట్లమ్మ మొగుడి కాళ్లు ఒత్తుతూ, "వదిలెయ్యండమ్మా," అంది. "మీరూ అలిసిపోయి వచ్చేవాళ్లే. ఆయనకి అలుపు లేదు. పొద్దున లేచి ఇంకేం పనుంది ఆయనకి? మిమ్మల్ని అలవగొట్టడమే పని."

ఆ మాట అందరికీ తగిలింది. నర్సమ్మ మంచం కోడుకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆవిడ నిద్రపోతోందేమో అనుకున్నాం.

"మా వార్డులో రోగి దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు," అంది ఉన్నట్టుండి. "నేను లేకపోతే ఇంకొకామె. అందరం ఒకేసారి వెళ్లి మంచం చుట్టూ మూగితే, అందరం ఒకేసారి సోలిపోతాం, రోగి చస్తాడు. మనం చేసిందదే."

"అంటే?" అన్నాడు డ్రైవరు.

"అంటే షిఫ్టులు. ఎప్పుడు చూసినా ఆయనవాళ్ల కంటే మనవాళ్లు ఎక్కువమంది అక్కడ మేలుకుని ఉండాలి. మిగతావాళ్లు వండాలి, పిల్లల్ని చూడాలి, పడుకోవాలి. పడుకున్నవాళ్లు తప్పించుకున్నట్టు కాదు. నిద్రపోవడం కూడా డ్యూటీయే."

"ఆహా, ఆ డ్యూటీ నాకివ్వండి!" అన్నారెవరో. అప్పుడు నవ్వారు జనం.

సగంమంది అడిగితే మీటింగు పెట్టాలని మా అపార్టుమెంటు నిబంధన. అందరం కలిసి మాష్టారి గుమ్మంలోకి వెళ్లి అడిగాం. మెంబరుని తీసెయ్యాలి, గది తిరిగివ్వాలి. మాష్టారు చెమట తుడుచుకున్నాడు. "ఆయనతో పెట్టుకుంటారా?" అన్నాడు. "పెట్టుకోం, తీసేస్తాం," అంది కాలేజీ పిల్ల.

మళ్లీ ఆదివారం. మెంబరు గారు డాబా ఎక్కి చూసి నవ్వుకున్నాడు. పోయినసారి కంటే జనం పల్చగా ఉన్నారు మరి. మైకు తీసుకుని తుమ్మచెట్ల దగ్గరనుంచి మొదలెట్టాడు. మావాళ్లు నోరు మెదపలేదు. చెట్లు కొట్టాడు, పునాది తవ్వాడు. ఎండ ఎక్కింది. అప్పుడు మెట్లమీద అడుగుల చప్పుడైంది. కొత్త గుంపు పైకి వచ్చింది, మొహాలు కడుక్కుని, టీ తాగి. పాత గుంపు లేచింది.

"ఎక్కడిదాకా వచ్చాడు?" అని గుసగుసగా అడిగాడు డ్రైవరు.

"బోరు దగ్గరున్నాడు. ఇంకా నీళ్లు పడలేదు," అంది నర్సమ్మ. "ఎడమవైపు బామ్మర్ది కునుకుతున్నాడు. మాష్టారికి మంచినీళ్లివ్వండి, వణుకుతున్నాడు. నేను పడుకుంటున్నా."

అలా గుంపులు దిగుతున్నాయి, ఎక్కుతున్నాయి. కాలేజీ పిల్ల వచ్చి "స్లాబు పడిందా?" అని అడిగితే, గుమాస్తా "పడింది గానీ ఇంకా తడుపుతున్నాడమ్మా," అని చెప్పి దిగాడు. మెంబరు గారి కంఠం మొదట బొంగురుపోయింది. తర్వాత కీచుమంది. ఒక దశలో ఆయన మాట్లాడుతుంటే చుట్టుపక్కల కాకులన్నీ తమ పెద్దాయన పిలుస్తున్నాడనుకుని వచ్చి రేకుల మీద వాలాయి. మైకు పక్కవాడికి ఇచ్చి కాసేపు కూర్చుంటే పోయేది. కానీ ఇవ్వడు. బామ్మర్దికైనా ఇవ్వడు. పెత్తనం ఎవరికీ పంచనివాడికి డ్యూటీ మార్చుకునే తోడు ఎక్కడినుంచి వస్తాడు? మాకు అంతకుముందు బలహీనత అనిపించినదంతా, ఒకడు పోతే ఇంకొకడు రావాల్సిన ఆ కూలి బతుకే, ఆ రోజు మాకు బలమైంది.

పొద్దు వాలేసరికి బామ్మర్దులు ఆకలికి ఆగలేక ఒక్కొక్కరే జారుకున్నారు. మెంబరు గారు వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ కుర్చీలు. ఎదురుగా కడిగిన మొహాలు. పిట్టగోడ దగ్గరే ఆయన ప్రసంగం ఆగిపోయింది.

"మాష్టారూ," అంది నర్సమ్మ. "ఓటుకి పెట్టండి."

మాష్టారు లేచాడు. తల ఊపలేదు. ఈసారి నోరు తెరిచాడు. "మెంబరుని తీసేసి, గది మేస్త్రికి ఇవ్వాలనేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్న డ్రైవరు చెయ్యి కూడా లేచింది.

"వాడు నిద్రపోతున్నాడు! చెల్లదు!" అన్నాడు మెంబరు, ఉన్న కాస్త గొంతుతో.

"నిద్రలోనైనా నీకు ఒప్పుకోను," అన్నాడు డ్రైవరు, కళ్లు తెరవకుండానే.

తాళం చెవి ఇమ్మంటే ఇవ్వలేదు. కిందికి దిగాం. మెట్లమ్మ మా ఎవరికంటే ముందు రాయి అందుకుంది. రెండు దెబ్బలకి తాళం ఊడింది. బస్తాల్ని చేతులు మార్చుకుంటూ పై అంతస్తు దాకా ఎక్కించి ఆయన గుమ్మం పక్కన పేర్చాం. ఒక్కటీ చిరగలేదు. మేస్త్రి మంచాన్ని నలుగురు కాదు, చెయ్యి పట్టే చోటు దొరికినవాళ్లందరూ ఎత్తి లోపల పెట్టారు. సంబరం చేసుకునే ఓపిక ఎవరికీ లేదు. ఎక్కడివాళ్లక్కడ మెట్లమీద కూర్చున్నారు.

జీపు వచ్చింది. వెనక మెంబరు గారు.

"ఎవర్రా దీనికి నాయకుడు?" అన్నాడు ఎస్సై.

"నేను మధ్యాహ్నం డ్యూటీ అండి. పొద్దున సంగతి తెలీదు," అన్నాడొకడు.

"నాది నిద్ర డ్యూటీ," అన్నాడు ఇంకొకడు.

"వేళాకోళమా? తాళం పగలగొట్టిందెవరు?"

"నేను," అన్నాడు డ్రైవరు. "నేను," అంది నర్సమ్మ. మెట్లమ్మ ఇద్దర్నీ పక్కకి జరిపి ముందుకొచ్చింది. "వాళ్లు అబద్ధం చెబుతున్నారు బాబూ. రాయి దుమ్ము చూడండి, నా చేతులకుంది. నా గది, నేనే పగలగొట్టాను."

ఆవిణ్ణి జీపెక్కించారు. ఎక్కుతూ వెనక్కి తిరిగి మొగుడి గది వైపు చూసింది. ఒకటే చూపు. ఆయన్ని ఇటూ అటూ తిప్పకపోతే ఒళ్లు పుండ్లు పడుతుంది. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నర్సమ్మకీ తెలుసు.

"నువ్వెళ్లు," అంది నర్సమ్మ. "షిఫ్టులున్నాయి."

జీపు వెనకే ఒక గుంపు స్టేషనుకి బయల్దేరింది, కాలేజీ పిల్ల ముందు. ఇంకో గుంపు అన్నాలు వండటానికి లేచింది. ఆవిణ్ణి వదిలేదాకా స్టేషను మెట్లు ఖాళీగా ఉండకూడదని చెప్పుకున్నారు. మెంబరు గారు గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఏదో అనబోయాడు. గొంతు రాలేదు.

మేస్త్రి దగ్గర మొదటి వంతు ఎవరిదని చూస్తే, లోపల అప్పటికే మాష్టారున్నాడు. పుట్టి బుద్ధెరిగి ఎవరికీ సేవ చేసి ఉండడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలీక మంచం చుట్టూ తిరుగుతున్నాడు.

"ఎటు తిప్పమంటావయ్యా? గోడ వైపా?"

"గోడలు చాలా చూశాను మాష్టారూ," అన్నాడు మేస్త్రి. "తలుపు వైపు తిప్పండి. అది తిరిగొచ్చేటప్పుడు ముందు నేనే చూడాలి."